నాకు చెప్పని నా జబ్బు

నా జబ్బు పేరు అందరికంటే చివర నాకే తెలిసింది. డాక్టరు గారికి తెలుసు, మా ఆయనకు తెలుసు, మా అత్తకు తెలుసు, తోటపల్లి గూడూరులో ఉన్న మా అమ్మకు కూడా తెలుసు. దాన్ని ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్న నాకు మాత్రం నెమ్ము అని చెప్పారు. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. బిడ్డ బడికి పోతోంది. నేను మళ్ళీ పొలం గట్ల మీద ఆయాసం లేకుండా నడుస్తున్నాను. రాస్తే మనసు తేలికపడుతుందని రాస్తున్నాను. ఒకరు మంచాన పడితే మిగిలినవాళ్ళు తలుపు చాటున గుసగుసలాడుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎవరైనా ఇది చదివితే ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తారేమోనని కూడా రాస్తున్నాను.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం చివర దగ్గు మొదలైంది. మాది అల్లూరు పక్కన ఒక పల్లె. మా ఆయన రమణయ్య సొంత పొలంలో మొలకొలుకుల వరి పండించేవాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త పెంచలమ్మ, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న మా కూతురు విజయ. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు.

దగ్గును ఎవరు పట్టించుకుంటారు? మిరియాల కషాయం తాగాను, తులసాకు నమిలాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారి చూస్తే జాకెట్టు చెమటకు తడిసి ఉండేది. చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే చంటిబిడ్డ తల్లిని గదా, చిక్కిపోయానులే అనుకున్నాను. నాట్ల కాలం వచ్చింది. కూలీలకు అన్నం మోసుకుపోయిన రోజు గట్టు మీద కూలబడ్డాను. దగ్గి ఉమ్మితే బురద నీళ్ళలో ఎర్రగా కనిపించింది. ఎవరూ చూడకుండా కాలితో మట్టి కప్పి, ఇంటికి వచ్చాక మా ఆయనకు చెప్పాను. ఆయన చేతిలోని పలుగు అక్కడే వదిలేసి కూర్చుండిపోయాడు.

మరునాడు బస్సెక్కి నెల్లూరు పోయాం. అక్కడ ఛాతీ జబ్బులు చూసే ఒక డాక్టరు గారు ఉండేవారు. ఆయన పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయేది ఆయన ఒక్కరికే చెందిన సంగతి కాదు. ఆయన నెమ్మదస్తుడు. వానాకాలపు చలికి చేతులు చల్లగా ఉంటాయని, వీపు మీద చెయ్యి పెట్టే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నారు. ఆ చిన్న పనితోనే నాకు ఆయన మీద గురి కుదిరింది. ఎక్స్‌రే తీయించారు. అది వచ్చాక నన్ను బయట బల్ల మీద కూర్చోమని, మా ఆయనను లోపలికి పిలిచారు.

గది వాకిలికి ఆకుపచ్చ తెర కట్టి ఉంది. దాని కింద నుంచి మా ఆయన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. మాటలు వినపడవు. చాలాసేపు ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఒక పాదం రెండో పాదాన్ని గట్టిగా తొక్కిపట్టింది. తర్వాత ఆయన డాక్టరు గారి బల్ల వైపు వంగినట్టు మడమలు పైకి లేచాయి. ఏదో బతిమాలుతున్నాడని అర్థమైంది. దేనికోసమో అర్థం కాలేదు. బయటకు వచ్చి, నెమ్ము చేసిందట, సూదులు వేస్తే పోతుందట అన్నాడు. నా ముఖం వైపు చూడలేదు. డాక్టరు గారు కూడా తెర పక్కకు తీసి, బాగా తిను, ఎండ తగిలే చోట పడుకో, మందు మాత్రం మానవద్దు అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. అత్త నా కంచం, చెంబు వేరు చేసింది. వాటిని తోమి, ఉడుకునీళ్ళలో ముంచి, మిగతా సామానుకు దూరంగా ఎండలో బోర్లించేది. నా మంచం వసారాలోకి మార్చింది. బిడ్డకు పాలు మాన్పించమంది. నేను ఊరుకుంటే తానే వేపాకు నూరి తెచ్చింది. చేదు తగిలి బిడ్డ ముఖం చిట్లించి ఏడుస్తుంటే, అత్త దాన్ని నా ఒళ్ళో నుంచి ఎత్తుకుపోయి గొడ్లచావిట్లో తిప్పింది. తిరిగి నా దగ్గరికి తీసుకురాలేదు.

రోజూ ఒక కాంపౌండరు సైకిలు మీద వచ్చి సూది వేసి పోయేవాడు. తుంటి రెండు వైపులా గడ్డలు కట్టి, కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి. చెవుల్లో ఒకటే హోరు. వాటికి తోడు గుప్పెడేసి బిళ్ళలు. అవి తిన్న తర్వాత అన్నం మీదకు చెయ్యి పోయేది కాదు. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది తోటపల్లి గూడూరు నుంచి మా అమ్మ వచ్చిన రోజు జరిగింది.

అమ్మను చూసి మంచం దిగబోయాను. ఆమె వసారా మెట్టు కిందనే నిలబడిపోయింది. పైకి రాలేదు. నా తల నిమరలేదు. ఒళ్ళెట్టా ఉంది అని అడిగింది, తింటున్నావా అని అడిగింది. అంతలో అత్త లోపలి నుంచి విజయను కొత్త గౌను తొడిగి తెచ్చి అమ్మ చంకన పెట్టింది. "నీకు బాగయ్యేదాకా నాకాడ ఉంటుందిలే అమ్మాయ్" అంది అమ్మ. నేను బిడ్డ కోసం చేతులు చాచాను. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కన్నతల్లి నన్ను చూసి వెనక్కి అడుగు వేసింది. బండి కదిలేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఆ ఏడుపు దొంగ ఏడుపులా తోచింది.

నేనేం తప్పు చేశానని అత్తను అడిగాను. ఆమె చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది. "నువ్వేం చేయలా. పడుకో మే" అంది అంతే.

వసారాలో పడుకుని ఆ రోజుల్లో ఎన్ని ఊహించుకున్నానో చెప్పలేను. నన్ను వదిలించుకోబోతున్నారనుకున్నాను. మా ఆయనకు వేరే సంబంధం చూస్తున్నారనుకున్నాను. అందుకు మా అమ్మ కూడా ఒప్పుకుందనుకున్నాను. అత్త కంచం అంత దూరంగా జరిపి పెడుతుంటే ఆమెకు నేనంటే అసహ్యమనుకున్నాను. నిజానికి వాళ్ళు చేసిన ప్రతి పనీ డాక్టరు గారు చెప్పిందే. బిడ్డను కాపాడటానికి చేసిందే. నాకు చెప్పి ఉంటే ఆ బిడ్డను నేనే ఎత్తి అమ్మ చంకన పెట్టి ఉండేదాన్ని. మెట్టు ఎక్కవద్దని నేనే అరిచి ఉండేదాన్ని. చెప్పకపోవడం వల్ల వాళ్ళ ప్రేమంతా నాకు క్రూరత్వంలా కనపడింది.

కోతల నాటికి జ్వరం ఆగింది. ఒంటికి కాస్త కండ పట్టింది. సూదులు తగ్గించారు. బిళ్ళలు మాత్రం తింటూనే ఉండాలన్నారు. బిడ్డను తెమ్మంటే ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. నెమ్ము పోయింది గదా, ఇంకా ఈ విషం ఎందుకు అని నేను మానేశాను. కడుపులో మంట తగ్గింది, అన్నం సయించింది. మానేశానని తెలిసి మా ఆయన కంగారు పడ్డాడు. ఇంకొన్నాళ్ళు తినమని బతిమాలాడు. ఎందుకు తినాలి అంటే చెప్పలేడు. తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోయేవాడు. నేను నవ్వుకునేదాన్ని.

మళ్ళీ ఎండలు ముదిరేసరికి జ్వరం వచ్చింది. ఈసారి దగ్గితే ఎరుపు చెంబెడు పడింది.

నెల్లూరు పోయేసరికి డాక్టరు గారు ఇంకా రాలేదు. కొత్తగా చేరిన కాంపౌండరు ఒకతను జనాన్ని సర్దుతున్నాడు. గదిలో గోడ పక్కన ఒక బల్ల, కిటికీ దగ్గర ఒక బల్ల. నేను గోడ పక్కన కూర్చున్నాను. మా ఆయన నాకు సోడా తేవడానికి బయటకు పోయాడు. కాంపౌండరు గుమ్మంలో నిలబడి, క్షయ వాళ్ళందరూ కిటికీ దగ్గర బల్ల మీదకు పోండి అన్నాడు. నలుగురైదుగురు లేచి పోయారు. నేను కదలలేదు. అతను లోపలికి పోయి చూసుకుని వచ్చి, నా ముందు నిలబడి, "అమ్మా, మీరు గూడా అటే పోవాల" అన్నాడు. మామూలుగా అన్నాడు. అతని తప్పేమీ లేదు. నాకు తెలుసనే అనుకున్నాడు.

నేను లేచి కిటికీ దగ్గరికి నడిచాను. ఎలా నడిచానో తెలియదు. అక్కడ వాకాడు దిక్కు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఒక ఆమె, తన మొగుణ్ణి ఒంటికి ఆనించుకుని కూర్చుని ఉంది. చేపలు పట్టేవాళ్ళు. ఆమె పేరు కాంతమ్మ. నాకు చోటిచ్చి, ఎన్నాళ్ళుగా ఉంది తల్లీ ఈ క్షయ అని అడిగింది. నాకు ఇప్పుడే తెలిసిందని చెప్పాను. ఆమె నమ్మలేదు. సంగతంతా చెప్పాను. వాళ్ళది ఒకే గది గుడిసె అట. డాక్టరు గారు మొగుడికీ పెళ్ళానికీ కలిపే చెప్పారట, ఇద్దరూ ఆ రోజు ఒడ్డున కూర్చుని ఏడ్చి, మరునాటి నుంచి మందులు మొదలుపెట్టారట. "మాకాడ దాచిపెట్టే చోటు యాడుండాది తల్లీ" అంది. చెప్పి నా చెయ్యి పట్టుకుంది. అన్ని నెలల్లో నన్ను ముట్టుకున్న మనిషి సూది వేసే కాంపౌండరు కాక ఆమె ఒక్కతే. ఆ చేతికి ఉప్పు చేపల వాసన. నేను ఆ చేతిని వదల్లేదు.

మా ఆయన సోడా సీసాతో వచ్చి నేను ఏ బల్ల మీద ఉన్నానో చూశాడు. సీసా చేతిలోనే ఉండిపోయింది.

డాక్టరు గారు పిలిచారు. ఇద్దరం లోపలికి పోయాం. ఆయన ఎప్పటిలా మా ఆయన వైపు తిరిగి మాట్లాడబోయారు. నేను అడ్డుపడ్డాను. అంత పెద్ద చదువు చదివిన మనిషితో అలా మాట్లాడతానని నేనే అనుకోలేదు.

"నా జబ్బు మా ఆయనకు చెప్పినారు, మా అత్తకు చెప్పించినారు. నాకెందుకు చెప్పలా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మా ఆయనను బయట కూర్చోమన్నారు. ఈసారి తెర అవతల ఉండటం ఆయన వంతైంది.

డాక్టరు గారు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతకుముందు కొన్నేళ్ళ క్రితం నా వయసు అమ్మాయి ఒకామె ఆయన దగ్గరికి వచ్చిందట. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పారట. ఆ అమ్మాయి ఇంటికి పోయి అన్నం మానేసింది. క్షయ అంటే చావేనని ఆమెకు ముందే నమ్మకం. మందులు తెచ్చిపెట్టినా మింగలేదు. నయమయ్యే జబ్బుతోనే పోయింది. అప్పటి నుంచి ఆడవాళ్ళకు ఆ పేరు చెప్పాలంటే ఆయనకు నోరు రాదట. మా ఆయన వచ్చి, దానికి పిరికి గుండె, చెప్పవద్దు అని చేతులు పట్టుకుని బతిమాలేసరికి సరే అన్నారట.

"ఇంటాయన అడిగినాడు, ఒప్పుకున్నాను. నిన్ను అడగాలని నాకు తోచలేదమ్మా" అన్నారు.

ఆ మాటకు నా కోపం సగం పోయింది. మిగిలిన సగంతో చెప్పాను, తెలిసి ఉంటే మందు మానేదాన్ని కాదని. మీరు చెప్పినందుకు ఆ అమ్మాయి పోయింది, మీరు చెప్పనందుకు నేను పోబోతున్నాను అన్నాను. ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాత లేచి, పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే రెండూ తెచ్చి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. నా ఊపిరితిత్తులను నేను మొదటిసారి చూశాను. ఇది ముందు, ఇది ఇప్పుడు అని వేలితో చూపించారు. ముందు చిన్న మబ్బు తునక. ఇప్పుడది పెద్దదై, మధ్యలో గుండ్రంగా తొర్ర. బాగవుతుందని ఒట్టు వేయలేనన్నారు. మందు ఒక్క పూట కూడా తప్పకుండా తింటే బాగయ్యే దారే ఎక్కువ అన్నారు. మొదటి మందులు అరకొరగా తిన్నందువల్ల ఇప్పుడు అవి పనిచేయకపోవచ్చని, అదీ దాచకుండా చెప్పారు.

భయం వేయలేదని అంటే అబద్ధం. కానీ వసారాలో పడుకుని పడ్డ భయానికి రూపం లేదు, ఎటు చూస్తే అటే ఉండేది. ఇప్పుడది ఒక ఊపిరితిత్తిలో, ఒక మూలన, నా కళ్ళ ముందు ఉంది.

ఇకమీద నా సంగతి ఏదైనా ముందు నాకే చెప్పాలని అడిగాను. ఒప్పుకున్నారు. చావే అయితే అది కూడా చెబుతారా అన్నాను. నువ్వు అడిగితే దాచను, అడక్కపోతే నా అంతట నేను చెప్పను, అంతకంటే నా వల్ల కాదు అన్నారు. అది న్యాయంగానే తోచింది.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో తెలిస్తే కూలీలు రారని, బావి దగ్గర నీళ్ళు తోడనివ్వరని దాచాడేమోనని నాకు అనుమానం. ఆ మాటే అడిగాను. అది కూడా ఉంది అన్నాడు. కొడవలూరు దాటిన తర్వాత, నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"నీకు చెప్తే నువ్వేడుస్తావు. నువ్వేడిస్తే నేను నిలబడలేను. అందుకని చెప్పలా."

నాకు పిరికి గుండె అని డాక్టరు గారికి చెప్పిన మనిషి ఈయన. ఆయన మోచేతి మీద చెయ్యి వేయబోయి, జబ్బు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ఆయనే నా చెయ్యి లాక్కుని పట్టుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా పట్టింది. మందులు మార్చారు, మళ్ళీ సూదులు, మళ్ళీ చెవుల హోరు. వసారాలో అదే మంచం, అదే వేరు కంచం. అయినా అంతకుముందులా లేదు. కంచం నేనే విడిగా పెట్టుకునేదాన్ని. ఉమ్మిన డబ్బాలో సున్నం వేసి దూరంగా పూడ్చిపెట్టించేదాన్ని. అత్త నా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. రెండు బారల దూరంలో పీట వేసుకుని చింతకాయలు దంచుతూ, ఊరి సంగతులు చెప్పేది. తన చెల్లెలు ఈ జబ్బుతోనే పోయిందని అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో మందు లేదు. ఆ అమ్మాయిని పొలంలో పాక వేసి ఉంచారట. అన్నం తీసుకుపోయేది అత్తే. "నీ మంచం వసారాలో వేసిన రోజు నాకు చెల్లెలు కనపడింది మే. అందుకే నీ మొహం చూడలేకపోయినాను" అంది. నేను అసహ్యమనుకున్నది అదీ.

నెలకోసారి మా అమ్మ విజయను తీసుకొచ్చేది. వాకిలి అవతల గడ్డివామి దగ్గర నిలబెట్టి చూపించేవాళ్ళు. మొదట్లో బిడ్డ నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పిన్ని అనుకుంది. తర్వాత దూరం నుంచే మాట్లాడటం నేర్చుకుంది. గట్టిగా అరిచి, తాను ఏం తిన్నదీ, తాత తనను ఎక్కడికి తీసుకుపోయిందీ చెప్పేది. ఆ అరుపుల కోసం నెలంతా కాచుకుని ఉండేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మందులు మార్చిన ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే తీశారు. డాక్టరు గారు దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. ముఖంలో ఏమీ తెలియలేదు. దింపి నా వైపు చూశారు. నేను అడుగుతానని ఎదురుచూస్తున్నారు. నేను బతుకుతానా అని అడగలేకపోయాను. ఆ ఉదయం విజయ గడ్డివామి దగ్గర నిలబడి వచ్చే నెల నాకు పాట పాడి వినిపిస్తానని అరిచింది. ఆ ఒక్క నెల నాకు తెలియకుండా కావాలి. డాక్టరు గారు అర్థం చేసుకున్నట్టున్నారు. మందులు ఇవే సాగిద్దాం అన్నారు. అంతే. తెలుసుకునే హక్కు కోసం అంత పోట్లాడిన నేను, ఆ రోజు తెలియని దాన్ని మూట కట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ నెల గడిచి, ఇంకొన్ని నెలలు గడిచాక మబ్బు తగ్గిందని ఆయనే పిలిచి చూపించారు.

అరవై నాలుగులో, ఇక బిడ్డను ఎత్తుకోవచ్చు అన్నారు. విజయ ఎత్తుకునే వయసు దాటిపోయింది. అయినా ఎత్తుకున్నాను.

కాంతమ్మ మొగుడు కూడా కోలుకున్నాడు. పడవ మీదకు పోలేదు గానీ ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ బతికాడు. చివరిసారి నెల్లూరులో కనపడినప్పుడు, మా పాళెం దిక్కు ఎప్పుడైనా రమ్మని చెప్పారు ఇద్దరూ. ఇంకా పోలేదు. పోవాలి.

అరవై ఎనిమిదిలో మా అత్తకు కడుపులో నొప్పి మొదలైంది. తిన్నది నిలవడం లేదు. నెల్లూరుకు తీసుకుపోయాం. మా డాక్టరు గారు వేరే డాక్టరుకు చూపించి, పరీక్షలన్నీ చేయించి, సాయంత్రానికి మమ్మల్ని పిలిచారు. అప్పటికి ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. మా ఆయనను, నన్ను బయట నిలబడమని, అత్తను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. తెర పక్కకు తీసే ఉంది. ఆయన అడగడం మాకు వినిపించింది.

"పెంచలమ్మా, నీ జబ్బు సంగతి నీకు చెప్పమంటావా, మీవాళ్ళకు చెప్పమంటావా?"

నా గుండె నిండిపోయింది. నేను కొట్లాడి తెచ్చుకున్నది మా అత్తకు అడక్కుండానే దొరికింది. ఆమె చెప్పమంటుందనే అనుకున్నాను.

అత్త కొంగు సర్దుకుంది. "నాకెందుకయ్యా. మా కోడలికి చెప్పు. ఆ బిడ్డకు ఇయ్యన్నీ తెలుసు" అంది.

డాక్టరు గారు నా వైపు చూశారు. ఆయనకు చెప్పడం ఎంత బరువో ఆ చూపులో తెలిసింది. ఆ బరువు ఇప్పుడు నాకు ఇస్తున్నారు. అత్తను మా ఆయన బయటికి తీసుకుపోయాక, నేను లోపలికి పోయి విన్నాను. కడుపులో పుండు ముదిరిపోయింది, కోసి తీసేదేమీ లేదు. నొప్పికి మందు ఇస్తానన్నారు. మా ఆయనకు నేను చెప్పాను, ఆస్పత్రి వాకిట్లోనే. ఆయన ఏడ్చాడు. ఈసారి దాచడానికి ప్రయత్నించలేదు.

ఇంటికి వచ్చే దారిలో అత్త నన్ను ఏమీ అడగలేదు. ఆ వారమూ అడగలేదు. నేను ఆమెకు గంజి తాగిస్తూ, కాళ్ళు పిసుకుతూ, చెప్పాలా వద్దా అని నాలో నేనే నలిగాను. తెలియకపోవడం ఎంత నరకమో నాకు తెలుసు. తెలుసుకోకుండా ఉండాలనిపించడం ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. ఆమె వద్దన్నది. వద్దన్న మనిషి నెత్తిన ఆ నిజాన్ని పెట్టే హక్కు నాకు లేదు. అబద్ధం కూడా చెప్పకూడదనుకున్నాను. తగ్గిపోతుందిలే అత్తా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట అనకపోవడం ఆమె గమనించిందని ఇప్పుడనిపిస్తుంది.

చేను ఇంకా కంకి వేయక పొట్ట మీదున్నప్పుడు ఒక పొద్దున, వసారాలో ఎండకు కూర్చున్న అత్త పొలం వైపు చూస్తూ అడిగింది. "ఈ కోతలు చూస్తానా మే?"

గంజి గిన్నె పక్కన పెట్టాను. నిజం చెప్పమంటావా అని అడిగాను. ఆమె కాసేపు కాకులను చూసింది. చెప్పమంది.

"చూడవేమో అత్తా."

ఆమె అరచేతులు చీర మీద తుడుచుకుంది. కొంతసేపటికి, బండి కట్టించమంది. ఎక్కడికని అడిగాను. మా అన్న ఇంటికి అంది.

ఆమె అన్న ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర. అన్నాచెల్లెళ్ళు ఒక కాలువ నీటి విషయంలో మాట అనుకుని, నేను కాపురానికి రాకముందు నుంచే రాకపోకలు మానేశారు. పెళ్ళిళ్ళకు పిలుపులు లేవు, చావులకు కబుర్లు లేవు. ఆ అన్న పేరు ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి పడుకోబెట్టాం. మా ఆయన తోలాడు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఇసుక బాటలో చక్రాలు కూరుకుపోతుంటే నొప్పికి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. వెనక్కి పోదామా అంటే తల అడ్డంగా ఊపేది. సముద్రపు గాలి తగిలే చోటికి వచ్చాక, లేపి కూర్చోబెట్టమంది. జుట్టు ముడి వేయమంది. వేశాను.

ఆ ఇంటి ముందు బండి ఆగింది. ముసలాయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. తలెత్తి చూశాడు. మొదట పోల్చుకోలేదు. అత్త అంత చిక్కిపోయింది. పోల్చుకున్నాక కూడా లేవలేదు, తాడు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. మా ఆయన ఏదో చెప్పబోతే అత్త చెయ్యెత్తి ఆపింది.

"అన్నా, దప్పిగా ఉంది. నీళ్ళియ్యి" అంది.

ముసలాయన తాడు కింద పడేసి లోపలికి పోయాడు. ఇంట్లో కోడళ్ళు ఉన్నారు, మనవరాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరి చేతా పంపలేదు. తానే చెంబుతో తెచ్చి, బండి దగ్గరికి వచ్చి, ఆమె తల వెనక చెయ్యి పెట్టి తాగించాడు. ఆమె గొంతులో ఎక్కువ దిగలేదు. చాలావరకు గడ్డం మీదుగా కారింది. ఆయన తన పైపంచెతో తుడిచాడు.

ఆ రోజంతా ఇద్దరూ అరుగు మీదే ఉన్నారు. కాలువ మాట ఎత్తలేదు, జబ్బు మాట ఎత్తలేదు. చిన్నప్పుడు పోయిన చెల్లెలి గురించి మాట్లాడుకున్నారు. పాకలోకి అన్నం తీసుకుపోయేటప్పుడు అన్న కూడా వెంట వచ్చేవాడట, దూరంగా నిలబడి పాటలు పాడేవాడట. ఆ సంగతి అత్త నాకెప్పుడూ చెప్పలేదు.

కోతలకు చాలా ముందే ఆమె పోయింది. ముందు నడిచి పాడె పట్టింది ఆ అన్నే. డాక్టరు గారికి కబురు చెప్పడానికి నేనొక్కదాన్నే నెల్లూరు పోయాను. అంతా విని ఆయన, ఆమె అడిగినప్పుడు చెప్పడం కష్టమైందా అన్నారు. అయిందన్నాను. నాకు ఇన్నేళ్ళైనా తేలిక కాలేదమ్మా అన్నారు. బయట బల్ల మీద ఒక కుర్రది కూర్చుని ఉంది, పక్కన మొగుడు. కాంపౌండరు ఆమె పేరు పిలిచాడు. మొగుడు లేవబోయాడు. డాక్టరు గారు తెర తీసి, ఆ అమ్మాయిని ముందు రమ్మన్నారు.